సర్కారుకూ ఒక ఇన్‌కం సర్టిఫికెట్

జనగామ జిల్లాలో పేదలు రెండు రకాలు. మొదటి రకంవాడు ఏటా మీసేవకు పోయి, క్యూలో నిలబడి, తాను పేదవాడినేనని రుజువు చేసుకోవాలి. రెండో రకంవాడికి ఆ బాధ లేదు. "పైసల్లేవు" అని ఒక్కమాట అంటే చాలు, అందరూ నమ్మాలి. నమ్మకపోయినా చేసేదేం లేదు. మొదటివాడు ఏ దేవరుప్పులలోనో లింగాలఘణపురంలోనో ఉంటాడు. రెండోవాడు హైదరాబాద్ సచివాలయంలో ఉంటాడు. పేద పిల్లల కాలేజీ ఫీజు సర్కారే కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ అనే పథకం ఈ ఇద్దరు పేదల మధ్య నడుస్తున్న సంసారం.

ముందు మొదటివాడి సంగతి చూద్దాం. పిల్లకు డిగ్రీలోనో ఇంజనీరింగ్‌లోనో కన్వీనర్ కోటాలో సీటొచ్చింది. ఇప్పుడు ఈపాస్ అనే స్కాలర్‌షిప్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టాలి. పదో తరగతి హాల్‌టికెట్ నెంబరు, ఆధార్, రేషన్ కార్డు, కులం సర్టిఫికెట్, ఇన్‌కం సర్టిఫికెట్, బ్యాంకు పాసుబుక్కు, కాలేజీ బోనఫైడ్. ఆధార్‌లో పేరుకు ముందున్న ఇంటిపేరు మెమోలో వెనక ఉంటుంది. పాసుబుక్కులో అసలే ఉండదు. మనిషి ఒక్కతే అయినా కంప్యూటర్‌కు ముగ్గురు కనిపిస్తారు. ఆ ముగ్గురినీ ఒక్కటి చేయడానికి తండ్రి రెండు కూలి రోజులు వదులుకుంటాడు. ఆ తర్వాత వేలిముద్ర. పత్తి ఏరే సీజన్లో సెలవు రోజున అమ్మతో చేనుకు పోయివచ్చిన పిల్ల వేలు మిషన్‌కు ఒక పట్టాన అందదు. "ఇంకోసారి పెట్టమ్మా, గట్టిగా ఒత్తు" అంటాడు మీసేవ తమ్ముడు. పేదరికానికి అంతకన్నా మంచి సాక్ష్యం ఇంకేముంది? కానీ ఆ సాక్ష్యాన్ని అప్‌లోడ్ చేసే గడి ఫారంలో లేదు.

అసలు కిటుకు ఆదాయం దగ్గరుంది. బీసీ, ఈబీసీ కుటుంబమైతే పల్లెలో ఏడాదికి లక్షా 50 వేలు, పట్నంలో 2 లక్షలు దాటరాదు. లక్షా 50 వేలంటే రోజుకు 411 రూపాయలు. ఇంట్లో ఎంతమంది ఉన్నా అంతే. 412 సంపాదించారో, మీరు ఉన్నోళ్లు. పెంబర్తిలో ఇత్తడి రేకు మీద సుత్తి దెబ్బ వేసే మనిషి అక్కడే ఉంటే పల్లెవాడు, అతనికి లక్షా 50 వేలు. అదే మనిషి నాలుగు అడుగులు వేసి జనగామ మున్సిపాలిటీ బోర్డు దాటి కిరాయికి దిగితే, మరో 50 వేలు సంపాదించుకున్నా పేదవాడిగానే ఉండవచ్చు. సుత్తి అదే, రేకు అదే, బోర్డు ఒక్కటే మారింది.

ఇదే తహసీల్ ఆఫీసులో, బహుశా ఇదే కిటికీలో, ఇంకో కాగితం కూడా ఇస్తారు. దాన్ని ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ అంటారు. 2019లో రాజ్యాంగాన్ని సవరించి మరీ తెచ్చిన ఈ లెక్కలో 8 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లు ఆర్థికంగా బలహీనులు. బీసీల్లో సంపన్న శ్రేణిని విడదీసే గీత కూడా 8 లక్షల దగ్గరే గీశారు. ఇక జీతం తీసుకునే ఉద్యోగికి 12 లక్షల దాకా ఆదాయపు పన్నే ఉండదని 2025 కేంద్ర బడ్జెట్ చెప్పింది. అంటే ఏడాదికి లక్షా 60 వేలు వచ్చే బీసీ రైతు సీటు దగ్గర వెనుకబడినవాడు, పన్ను దగ్గర లెక్కలోకే రానివాడు, ఫీజు దగ్గర మాత్రం షావుకారు. ఒకే మనిషి, ఒకే రోజు, ఒకే ఆఫీసు వరండాలో.

ఈ మధ్య అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం కూడా ఒక గీత గీసింది. కుటుంబ ఆదాయం ఏడాదికి 2 లక్షల డాలర్ల లోపైతే 2025-26 నుంచి ట్యూషన్ ఫీజు అక్కర్లేదంది. మన పట్నం గీత కూడా 2 లక్షలే. కనుక మన ఉన్నత విద్యా విధానం హార్వర్డ్‌తో సమానంగా ఉందని ఏ మంత్రిగారైనా ప్రకటిస్తే అభ్యంతరం చెప్పకండి. ఒక్క కరెన్సీ దగ్గరే కొంచెం తేడా.

ఇంజనీరింగ్‌కు వస్తే లెక్కలోకి ర్యాంకు కూడా వస్తుంది. బీసీ, ఈబీసీ పిల్లలకు ఎంట్రన్స్‌లో 10 వేల లోపు ర్యాంకు వస్తే ఫీజంతా సర్కారు కడుతుంది. దాటితే 35 వేల దాకానే. సర్కారు బళ్లలో, గురుకులాల్లో చదివినవాళ్ల వంటి వారికి మినహాయింపులున్నాయి గానీ, గీత మాత్రం గీతే. పేరున్న కాలేజీల్లో ఫీజు లక్ష దాటి చాలా కాలమైంది. మిగతాది ఎక్కడి నుంచి వస్తుంది? 9,999వ ర్యాంకు తండ్రి పూర్తి పేదవాడు, 10,001వ ర్యాంకు తండ్రి పావలా వంతు పేదవాడు. పిల్ల ఫిజిక్స్‌లో ఒక లెక్క తప్పు చేస్తే తండ్రికి ఆస్తి కలిసొచ్చే విధానం ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదేమో.

సందేహమున్నవాళ్లు ఒకసారి బమ్మెర పోతన గారితో దరఖాస్తు పెట్టించి చూడండి. పాలకుర్తి మండలం, మన జిల్లానే. వృత్తి సేద్యం. భాగవతం రాజుకు అంకితమిచ్చి నాలుగు పైసలు తెచ్చుకోమని నలుగురూ చెప్పినా విననివాడని జనం చెప్పుకునే మనిషి. అటువంటి మొండిఘటం ఇవాళ కొడుకు చదువు కోసం మీసేవకు వచ్చాడనుకుందాం.

"కాకా, ఏడాదికి ఎంతొస్తది?"

"దైవమిచ్చినంత, నాయనా."

"అట్ల రాస్తే గిర్దావర్ సార్ ఒప్పుకోడు. ఓ 60 వేలు రాయాల్నా?"

అధికారుల చేతిలో రైతు ఆదాయం ఎప్పుడూ సున్నాలతోనే ముగుస్తుంది. వర్షాలు వెనకాముందైనా, పత్తి ధర పడిపోయినా, బోరు ఎండినా ఆ సున్నాలకు ఢోకా లేదు. విచారణకు ఊరికి ఎవరు వస్తారన్నది వేరే ముచ్చట. 2020 సెప్టెంబరులో వీఆర్వోల వ్యవస్థను ఎత్తేశారు. ఊళ్లో ఎవరింట్లో పొయ్యి వెలుగుతుందో తెలిసిన ఆ ఒక్క ఉద్యోగీ పోయాడు. (తెలిసినందుకు ఆయనేం తీసుకునేవాడో కూడా ఊరికి తెలుసు, అది మళ్లీ ఇంకో కాలమ్.) అయిదేళ్లకు గ్రామ పాలన అధికారి అనే కొత్త పేరుతో మళ్లీ మనిషిని పంపారు.

పోతన గారికి అంతకన్నా పెద్ద చిక్కు నేటివిటీ. పోతన మా ఒంటిమిట్టవాడేనని కడపవాళ్లు ఎప్పటినుంచో దావా వేసి కూర్చున్నారు. 2014లో కొత్త రాష్ట్రం వచ్చిన రెండు నెలలకే ఫాస్ట్ అనే పథకం ప్రకటించి, 1956కు ముందు నుంచి ఇక్కడున్న కుటుంబాల పిల్లలకే ఫీజు కడతామన్నారు. పదిహేడేళ్ల పిల్లవాడు సీటు కోసం తాత కాలం నాటి కాగితాలు వెతకాల్సి వచ్చింది. హైకోర్టు గట్టిగా అడిగాక, మరుసటేడు దాన్ని వెనక్కి తీసుకున్నారు. అది నడిచుంటే పోతన గారు పదిహేనో శతాబ్దపు కరెంటు బిల్లు జతచేయాల్సి వచ్చేది.

అదే పోతన గారు కొడుకు ఫీజు మాట వదిలేసి, నాగలి పట్టుకుని పట్టాదారు పాసుబుక్కు చూపిస్తే కథ వేరు. రైతు భరోసా ఎకరాకు సీజన్‌కు 6 వేలు. అక్కడ ఇన్‌కం సర్టిఫికెట్ అడిగేవారు లేరు. అంతకుముందు రైతుబంధు రోజుల్లోనూ అడగలేదు. దొరల మీది రైతుల పోరులో దొడ్డి కొమురయ్య ప్రాణమిచ్చిన కడవెండి ఈ జిల్లాదే. గడీల దొరల భూములు ఎవరి చేతులు మారాయో ఈ నేలకు బాగా తెలుసు. ఇక్కడ కూడా భూమి ఎంత ఎక్కువుంటే సాయం అంత ఎక్కువ, ఆదాయం ఎంతని మాత్రం అడగరు. కౌలుకు దున్నేవాడి బిడ్డ కాలేజీకి పోతేనే అడుగుతారు.

సరే, అన్నీ దాటి దరఖాస్తు మంజూరైంది. డబ్బు బయల్దేరింది. ఇకపై జరిగేది మనుషుల కథ కాదు, లాగిన్‌ల కథ. కాలేజీ ప్రిన్సిపాల్ లాగిన్ నుంచి సంక్షేమ అధికారి లాగిన్‌కు, అక్కడి నుంచి బిల్లుగా మారి ట్రెజరీకి. ట్రెజరీలో దానికొక టోకెన్ నెంబరు పడుతుంది. ఆ క్షణంలో సర్కారు దృష్టిలో పని అయిపోయినట్టే. "నీ ఫీజు వచ్చిందా తమ్మీ?" అని అడిగితే "టోకెన్ పడ్డది సార్" అంటాడు పిల్లవాడు. వాళ్ల నాయన వడ్లు తూకం వేసి మార్కెట్ యార్డులో చీటీ పట్టుకుని కూర్చున్నప్పుడు కూడా ఇదే మాట అంటాడు. ఈ ఇంట్లో పంటకూ చదువుకూ రాబడి కాగితంమీదే వస్తుంది.

ఇప్పుడు రంగంలోకి కాలేజీ యాజమాన్యాలు వస్తాయి. బకాయిలు వేల కోట్లు పేరుకుపోయాయి, జీతాలివ్వలేకపోతున్నామని 2025 సెప్టెంబరు మధ్యలో ప్రైవేటు కాలేజీలు బంద్‌కు దిగాయి. ఉప ముఖ్యమంత్రి భట్టి విక్రమార్క పిలిచి మాట్లాడారు. వెంటనే 600 కోట్లు, దీపావళికి మరో 600 కోట్లు అన్నారు. బంద్ ఆగింది. దీపావళి వచ్చింది, టపాసులు కాలాయి. నవంబరు 3న మళ్లీ బంద్. మళ్లీ చర్చలు, మళ్లీ హామీ. సర్కారు, యాజమాన్యం రెండూ పిల్లల భవిష్యత్తు కోసమే పోట్లాడుకుంటున్నామన్నాయి. పిల్లలు మాత్రం ఇంట్లో కూర్చున్నారు. స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరు తప్పనిసరి అని వాళ్లకు ఎవరూ మళ్లీ గుర్తు చేయనక్కర్లేదు.

యాజమాన్యాలను చూసి కన్నీళ్లు పెట్టుకునే ముందు కొంచెం ఆగుదాం. వైఎస్ రాజశేఖరరెడ్డి కాలంలో 2008 ప్రాంతంలో ఈ పథకం పూర్తి రూపంలో వచ్చాక, చేలల్లో ఇంజనీరింగ్ కాలేజీలు మొలిచిన వేగం జనగామ నుంచి ఘట్‌కేసర్ దాకా రైల్లో పోతూ కిటికీలోంచి చూసినవాళ్లందరికీ గుర్తే. పథకం పిల్లవాడి కోసమా, బిల్డింగు కోసమా అని అప్పుడే కొందరు అడిగారు. జవాబుకు ఇంకా టోకెన్ పడలేదు.

అయినా కాలేజీకి ఒక ధైర్యముంది. దాని దగ్గర కుదువ ఉంది. చదువు పూర్తయి, ఉద్యోగానికి పిలుపొచ్చి, పిల్ల వాళ్ల బాపును వెంటబెట్టుకుని మెమోలు, టీసీ కోసం ఆఫీసు గదికి వస్తుంది.

"మూడేండ్ల ఫీజు బాకీ ఉన్నదమ్మా."

"అది గవర్నమెంటు ఇయ్యాలె కద సార్?"

"ఇస్తది. ఇచ్చినంక మీకు రిటన్ చేస్తం. అప్పటిదాంక మీరు కట్టి తీస్కపోండ్రి."

బాపు ఏమీ మాట్లాడడు. అప్పు చేసింది సర్కారు. అప్పిచ్చింది కాలేజీ. కుదువపెట్టింది మాత్రం ఈ పిల్ల మెమో. ఈ ముగ్గురిలో ఒకరి సంతకం కూడా తాకట్టు కాగితం మీద లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపరాదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ మాట ఆఫీసు గది గోడకు అంటించిన చోటు నాకైతే కనబడలేదు, వెతికినవాళ్లు చెప్పండి. ఊళ్లో బంగారం కుదువపెట్టుకునే షావుకారు కూడా వస్తువు తెచ్చినవాడికే అప్పిస్తాడు. పక్కింటివాడి అప్పుకు మీ పుస్తెలతాడు పట్టుకోడు.

ఈ పథకాల మొదలు చూస్తే ఇంకా ఇబ్బందిగా ఉంటుంది. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఒక యువకుడిని నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్ల స్కాలర్‌షిప్ మీద కొలంబియాకు పంపాడు. ఆ యువకుడు అంబేద్కర్. గడువు తీరాక లండన్ చదువు మధ్యలో ఆపి 1917లో తిరిగి రావాల్సి వచ్చింది. స్కాలర్‌షిప్ ఆగితే ఏమవుతుందో తెలిసిన ఆ మనిషి వైస్రాయి కౌన్సిల్‌లో కూర్చుని గట్టిగా అడిగాకే షెడ్యూల్డ్ కులాల పిల్లల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులకు 1944లో దారి పడింది. బరోడా మహారాజు పౌండ్లకు బదులు టోకెన్ పంపి ఊరుకుని ఉంటే? న్యూయార్కులో ఒక గుమస్తా "ఫీజు కట్టి టీసీ తీసుకుపో తమ్మీ" అని ఉండేవాడు. రాజ్యాంగం రాయడానికి ఇంకెవరినైనా వెతుక్కోవాల్సి వచ్చేది.

కనుక నాదొక చిన్న ప్రతిపాదన. సర్కారు తనకు పైసల్లేవంటోంది. నమ్ముదాం, తప్పులేదు. పేదవాళ్ల మాట నమ్మాలి. కానీ ఈ జిల్లాలో పేదరికానికి ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతి పెట్టింది కూడా వాళ్లే. ఆధార్ జిరాక్స్, మూడు పాస్‌పోర్టు సైజు ఫోటోలు పట్టుకుని జనగామ మీసేవకు రమ్మనండి. ప్రతి ఏడూ రావాలి. సర్వర్ డౌన్ ఉంటే రేపు రావాలి. ఇంటిపేరు తేడా ఉంటే అఫిడవిట్ పెట్టాలి.

"పేరు?"

"తెలంగాణ ప్రభుత్వం."

"ఊరా, పట్నమా?"

"పట్నమే. హైదరాబాద్."

"అయితే 2 లక్షల దాంక పర్వాలేదు. ఏడాదికి ఎంతొస్తది?"

"2025-26 బడ్జెట్ 3,04,965 కోట్లు."

కీబోర్డు మీద వేళ్లు ఆగిపోయాయి. "సార్, ఇది లిమిట్ దాటింది. ఈ సున్నాలు గడిలో కూడా పడ్తలేవు."

"అప్పులున్నయి కద తమ్మీ! జీతాలు, పింఛన్లు, మిత్తీలు అన్నీ పోంగ చేతిల ఏం మిగుల్తలేదు."

"అప్పులు తీసెయ్యరు సార్. రైతులకు కూడా తీసెయ్యరు. రిజెక్ట్ అని కొడుతున్న, ప్రింట్ తీస్కొని పోండ్రి. జరుగుండ్రి, ఎనుక లైనున్నది."