మస్టర్ పడిందా?

రిటైరైన ప్రతి బ్యాచ్‌కీ ఒక కన్వీనర్ ఉంటాడు. అతన్ని ఎవరూ ఎన్నుకోరు, దిగిపొమ్మనీ అనరు. చదువుకునే రోజుల్లో చివరి బెంచీలో కూర్చుని, తన నంబరుకు పక్కవాడితో ‘ప్రెజెంట్ సార్’ అనిపించినవాడే అరవై దాటాక అందరి హాజరూ తీయడానికి నడుం కడతాడు. ఈ రకం మనిషి ఊరూరా ఉన్నాడు గానీ మా ఇల్లందు కన్వీనర్ తీరు వేరు. ఈయన సింగరేణిలో మస్టర్ రాసే క్లర్కుగా చేసి దిగిపోయాడు.

గనిలో మస్టర్ అంటే ఆషామాషీ కాదు. పేరు పడితేనే ఆ రోజు జీతం. గనుల చట్టం ప్రకారం ఏడాది సర్వీసు నిండిందనాలంటే భూమి లోపల చేసేవాడికి 190 మస్టర్లు, పైన చేసేవాడికి 240 ఉండాలి. దిగినవాళ్ళ లెక్కకీ ఎక్కినవాళ్ళ లెక్కకీ తేడా వచ్చినా, ల్యాంప్ రూముకి ఒక్క లైటు తిరిగి రాకపోయినా, షిఫ్టు అయిపోయింది కదా అని చేతులు దులుపుకుని పోవడానికి లేదు. ఏళ్ళ తరబడి ఆ పని చేసిన మనిషికి రిటైరైన మర్నాడు లెక్కపెట్టడానికి ఒక్క తలకాయ మిగల్లేదు. అప్పుడు గుర్తొచ్చాం ఆయనకి మేం.

మేమంటే 1975లో ఖమ్మం ఎస్.ఆర్. అండ్ బి.జి.ఎన్.ఆర్. కాలేజీలో డిగ్రీలో చేరిన ఇల్లందు పిల్లలం, అంటే బొగ్గుట్ట పిల్లలం. మేం చేరిన మరుసటేడే వరంగల్లో కాకతీయ విశ్వవిద్యాలయం పెట్టారు. మనం ఉస్మానియా వాళ్ళమా, కాకతీయ వాళ్ళమా అన్న తగువు మా మధ్య ఏడాదికోసారి లేస్తుంది. సర్టిఫికెట్ తీసి చూస్తే తేలిపోతుంది. తేలిపోతుందనే ఎవరూ తీయరు.

చదువయ్యాక కొందరం బడిపంతుళ్ళమయ్యాం. ఎక్కువమంది కంపెనీలో చేరారు. 1889లో బొగ్గు తవ్వకం మొదలైన గడ్డ మాది, ఇంకెటు పోతారు? కానీ ఇల్లందు చుట్టూ భూగర్భ గనులు ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి. మావాళ్ళు మణుగూరు, భూపాలపల్లి, గోదావరిఖని, శ్రీరాంపూర్ అంటూ కంపెనీ పంపిన చోటికల్లా పోయారు. వాళ్ళను కన్వీనర్ ఎలా పట్టుకున్నాడనుకున్నారు? కంపెనీ దవాఖానాల్లో మందుల క్యూల దగ్గర. మోకాళ్ళ నొప్పులూ షుగరూ ఉన్నవాళ్ళు నెల తిరక్కుండానే దొరికారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను వెతకడానికే తలప్రాణం తోకకొచ్చింది.

దొరికినవాళ్ళందరినీ వాట్సాప్ గ్రూపులో వేశాడు. తెల్లవారుజామున అయిదింటికి భద్రాద్రి రామయ్య బొమ్మ పెడతాడు. అది సైరన్ అన్నమాట. తొమ్మిదిలోగా ‘గుడ్ మార్నింగ్’ పెట్టినవాడికి మస్టర్ పడుతుంది. గులాబీ పువ్వు పెట్టినా చెల్లుతుంది. చేతులు జోడించిన బొమ్మ ఒక్కటే పెడితే మాత్రం సగం పూట కింద రాస్తాడు. అమెరికాలో కొడుకు దగ్గరికి పోయినవాడొకడు మన రాత్రి పదకొండింటికి గుడ్ మార్నింగ్ పెట్టాడు. కన్వీనర్ కాసేపు ఆలోచించి నైట్ షిఫ్టులో వేశాడు.

రెండు రోజులు పత్తా లేకపోతే ఫోనే.

“ఏందిరా, మస్టర్ పడలే? లీవా, నాగానా?”

ఆ ఫోన్ ఎత్తకపోతే ఇంట్లోవాళ్ళకు చేస్తాడు. “వదినా, మావోడు లేచిండా?” అంటాడు. లేచాడు, టిఫిన్ కూడా తిన్నాడు, దొడ్డివైపు చెట్లకు నీళ్ళు పెడుతున్నాడు అన్న సంగతులన్నీ రాబట్టి, వివరాలతో సహా గ్రూపులో పెడతాడు. దోసెలు ఎన్ని తిన్నదీ బయటపడిపోతుందని భయపడి పొద్దున్నే మస్టర్ వేయించుకునే షుగర్ పేషెంట్లు మాలో ఉన్నారు.

రాజకీయాలు మాట్లాడొద్దని గ్రూపుకి ఒక రూలుంది. ఇల్లందులో ఈ రూలు పెట్టడం గోదాట్లో నిలబడి తడవొద్దనడం లాంటిది. ఎర్రజెండాలో ఎన్ని చీలికలున్నాయో మా బ్యాచ్‌లో అన్నీ ఉన్నాయి. 1969 జనవరిలో ఖమ్మంలో రవీంద్రనాథ్ అనే విద్యార్థి తెలంగాణ కోసం నిరాహారదీక్షకు కూర్చున్నప్పుడు పక్కన తామూ ఉన్నామని చెప్పేవాళ్ళున్నారు. లెక్క చూస్తే అప్పటికి మేం ఆరో ఏడో చదువుతున్నాం. అయిదుసార్లు ఎమ్మెల్యేగా గెలిచినా ఆర్టీసీ బస్సులోనే తిరిగిన గుమ్మడి నర్సయ్య పక్క సీట్లో కూర్చున్నామని కూడా అందరూ అంటారు. ఇది మాత్రం నమ్మొచ్చు. ఆ దారిన బస్సెక్కిన వాళ్ళకు ఏదో ఒక రోజు ఆయన తగిలే ఉంటాడు.

నవంబర్ వస్తే కన్వీనర్‌ను పట్టలేం. అది పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెల. వేలిముద్ర పడనివాడిని వెంటబెట్టుకుని బ్యాంకు చుట్టూ తిరుగుతాడు, అరిగిన బొటనవేలికి కొబ్బరినూనె రాయిస్తాడు. అసలు గొడవ ఆ తర్వాత మొదలవుతుంది. పంతుళ్ళ పెన్షన్ మీద కరువు భత్యం పెరుగుతూ ఉంటుంది. బొగ్గు గనుల పెన్షన్ 1998 నాటి పథకం, దానికి ఆ భత్యం లేదు. దిగిపోయిన నాడు ఎంత కట్టారో అంతే. అందుకని డీఏ పెరిగిందన్న వార్త గ్రూపులో పెట్టిన పంతులుకు ఆ వారం కంపెనీవాళ్ళు ఎవరూ గుడ్ మార్నింగ్ చెప్పరు. కన్వీనరూ కంపెనీ మనిషే అయినా మస్టర్ ఎగ్గొడితే మాత్రం ఊరుకోడు. “కోపమంటే కోపమే, హాజరంటే హాజరే” అంటాడు. ప్రభుత్వం ఏడాదికోసారి బతికున్నావా అని అడుగుతుంది, ఈయన రోజూ అడుగుతాడు.

ఇక ఆత్మీయ సమ్మేళనం. డిసెంబర్ 23న పెడతాడు. 1920లో సింగరేణి కంపెనీ ఏర్పడిన రోజు అది. మాకేం సంబంధమని పంతుళ్ళు ఏటా గొణుగుతారు, బగారా అన్నం, మటన్ అనగానే సంబంధం కలుస్తుంది. అయినా రానివాళ్ళు రారు. నడుం నొప్పి, మనవడి పరీక్ష, కోడలి ఊరిప్రయాణం, ఏదో ఒకటి.

పోయినసారి ఫ్లెక్సీ వేయించాడు. అందరినీ ఫొటోలు పంపమన్నాడు. చాలామంది కూతురి పెళ్ళిలో దిగిన రంగుల ఫొటోలు పంపారు. ఒకడు మాత్రం ఇప్పటి బట్టతల చూపించడం ఇష్టంలేక డిగ్రీ హాల్‌టికెట్ మీది నలుపు తెలుపు ఫొటో పంపాడు. నిండా జుట్టు, పెద్ద కాలరు, సన్న మీసం. ఫ్లెక్సీ కుర్రాడికి మేమెవరం తెలుస్తాం? పోయినవాళ్ళ పాత ఫొటోలతో కలిపి నలుపు తెలుపు వాళ్ళందరినీ కింది వరసలో ‘కీర్తిశేషులు’ కింద పేర్చి, తలా ఒక దండ వేశాడు. నిజంగానే పోయినవాడొకడి కొడుకు మంచి రంగుల ఫొటో పంపడంతో, ఆయన పై వరసలో నవ్వుతూ నిలబడ్డాడు.

ఫ్లెక్సీ జగదాంబ సెంటర్లో లేచింది. ఎవరో ఫోన్లో ఫొటో తీసి గోదావరిఖని దాకా పంపారు. మధ్యాహ్నానికల్లా హాల్‌టికెట్ వాడింటికి ఫోన్లు. వాళ్ళావిడ ఎత్తి, “ఇక్కడే ఉన్నడు, మాట్లాడతరా?” అంటే అవతలివాళ్ళు భయపడి పెట్టేశారు. ఈయన మాత్రం సెంటర్‌కు పోయి ఫ్లెక్సీని తేరిపార చూసుకుని, “అందర్లో నేనే బాగున్న” అని సంబరపడ్డాడు.

మార్పించమని మేమంతా మొత్తుకున్నా కన్వీనర్ వినలేదు, ఫ్లెక్సీకి డబ్బు కట్టేశానన్నాడు. తీరా చూస్తే ఆ ఏడు వచ్చినంతమంది ఎప్పుడూ రాలేదు. ఏళ్ళుగా నడుం నొప్పి చెబుతున్నవాళ్ళు భూపాలపల్లి నుంచి, శ్రీరాంపూర్ నుంచి మొహాలు వేలాడేసుకుని దిగారు. కీర్తిశేషుడు గేటు దగ్గర నిలబడి, “దినానికి కాదురా, బోజనానికి రండి” అని ఎదురెళ్ళి లోపలికి తీసుకొచ్చాడు. తిట్టుకుంటూనే అందరూ తిన్నారు, సాయంత్రం దాకా కదల్లేదు. కన్వీనర్ రిజిస్టర్ నిండిపోయింది.

ఈసారికి ఏర్పాట్లు అప్పుడే మొదలుపెట్టాడు. హాలు మాట్లాడలేదు, వంటమనిషిని చూడలేదు గానీ, నిన్న ఫోన్ చేసి నా హాల్‌టికెట్ ఫొటో ఉందా అని అడిగాడు.