ఎర్రపోగు ఆత్మకథ

ఈ ఆత్మకథ జానెడు పొడవున్న ఒక ఎర్ర ఊలు పోగుది. అది ఉండే చోటు ఎంటర్‌ప్రైజ్ రకం పందెపు పడవ ముందు తెరచాప. చేసే పని ఒక్కటే: గాలి గుడ్డను ఒరుసుకుంటూ ఎలా పోతున్నదో కంటికి చూపించడం. గాలి కనపడదు, పోగు కనపడుతుంది. తెరచాప పందేలలో కొత్తవాళ్లు నేర్చుకొనేదీ, పాతవాళ్లు మెరుగుపరచుకొనేదీ చాలావరకు ఈ చూపుకు సంబంధించినదే.

పోగు పుట్టిల్లు ముంబయిలోని కామాటిపుర. 1784లో హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట పూర్తయి, సముద్రపు పోటు దీవుల నడుమకు రావడం ఆగాక, అక్కడి బురదనేల మెల్లగా ఇళ్లకు పనికొచ్చింది. నిజాం రాజ్యం నుంచి కూలికి వచ్చిన తెలుగువాళ్లు 1795 ప్రాంతం నుంచి అక్కడ చేరారు. వాళ్లను కామాటీలు అన్నారు. వాడకు ఆ పేరే నిలిచింది. రాయి మోసి, సున్నం కలిపి నగరాన్ని కట్టిన చేతులవి. తరవాతి తరాల్లో నేత తెలిసిన తెలుగు కుటుంబాలు నూలు మిల్లుల్లో చేరాయి.

ఈ పోగు ఉన్న ఇంటి తాత కూడా మిల్లులో మగ్గం నడిపినవాడే. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులతో పాటు ఆయనా బయటికి వచ్చి, ఆ తరవాత గల్లీలో కుట్టుమిషను పెట్టుకొన్నాడు. ఆ ఏడాది చివరనే ఢిల్లీ ఆసియా క్రీడల తెరచాప పందేలు ముంబయి సముద్రంలో జరిగాయి. ఫైర్‌బాల్ తరగతిలో ఫారూఖ్ తారాపోర్, జరీర్ కరంజియా జంట భారత్‌కు బంగారు పతకం తెచ్చింది. కామాటిపుర చాళ్ల నుంచి గేట్‌వే ఆఫ్ ఇండియా రేవుకు ఐదారు కిలోమీటర్లు. ఆ దూరం దాటి ఆ ఇంటివాళ్లలో ఒకరు పడవ ఎక్కింది మనవరాలి కాలంలో. గుమ్మానికి ఊలు తోరణం అల్లగా మిగిలిన ఉండలోంచి ఆమె తుంచుకొన్న ముక్కే ఈ పోగు.

తెరచాపకు పోగు ఎక్కించడంలో పద్ధతి ఉంది. గుడ్డ ముందంచు నుంచి సుమారు జానెడు వెనక్కి, కుట్లకు దూరంగా చోటు చూసుకోవాలి. దగ్గరైతే ఊలు నూగు కుట్టుకు పట్టుకొని పోగు కదలదు. సూదితో దూర్చి ముడి వేయాలి, లేదా గుండ్రటి అంటుబిళ్లతో అతికించాలి. ఓడల దీపాల రంగుల్లాగే ఎడమ పక్కన ఎరుపు, కుడి పక్కన ఆకుపచ్చ. ఈ పోగుకు అలా ఒక ఆకుపచ్చ తోడు దొరికింది. పడవ తెరచాపలు లేత నీలం. గుడ్డ పలచన కాబట్టి అవతలి పోగు నీడ ఇవతలికి తెలుస్తుంది.

ఎంటర్‌ప్రైజ్‌ను 1956లో జాక్ హోల్ట్ రూపొందించాడు. పొడవు నాలుగు మీటర్ల పైచిలుకు, మనుషులు ఇద్దరు. వెనక కూర్చున్నవారు చుక్కాని, పెద్ద తెరచాప చూస్తారు. ముందు కూర్చున్నవారు జిబ్ అనే ముందు తెరచాపను, దాన్ని లాగే షీట్ తాడును చూస్తారు. పందేలలోకి రావాలనుకొనేవారు మొదట పడవ కొనాల్సిన పని లేదు. ముందు సీటులో మనిషి కావలసిన పడవలు చాలా క్లబ్బుల్లో ఉంటాయి. చెప్పిన వేళకు రేవులో ఉండడం, పడవ దించేటప్పుడూ కడిగేటప్పుడూ చెయ్యి వేయడం, ఇవే మొదటి అర్హతలు. ముంబయి హార్బరులో ఈ సంప్రదాయం పాతది. రాయల్ బాంబే యాచ్ క్లబ్ 1846 నాటిది. కొలాబాలో సైనిక దళాల శిక్షణ కేంద్రాలు కూడా ఉన్నాయి.

మొదటి పాఠాలు నీళ్లలో మొదలవుతాయి. ఈత రావాలి, లైఫ్ జాకెట్ ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి. పడవను కావాలని బోర్లా వేసి, అడుగున ఉండే సెంటర్‌బోర్డు మీద నిలబడి మళ్లీ నిలబెట్టడం పదిసార్లు చేయాలి. ఆ భయం పోయినవాళ్లకే గాలి పెరిగినప్పుడు తెరచాప మీద దృష్టి నిలుస్తుంది. అలాంటి రోజున పోగు మొదటిసారి ఉప్పునీళ్లలో మునిగింది. తడిసిన ఊలు గుడ్డకు అతుక్కుపోతుంది. ఆరేదాకా ఏమీ చెప్పలేదు.

ఆరాక పోగు చెప్పేవి మూడు సంగతులు. ఏ తెరచాప పడవా గాలికి నేరుగా ఎదురు పోలేదు. దానికి సుమారు 45 డిగ్రీల వాలులో, ఒకసారి ఇటు ఒకసారి అటు మలుపులు తిరుగుతూ ఎదురెక్కుతుంది. ఆ వాలులో రెండు పోగులూ వెనక్కి సాఫుగా సాగి ఉంటే గాలి గుడ్డ రెండు ముఖాల మీదా అంటి పారుతున్నట్టు. గాలి వైపు పోగు పైకి ఎగిరి కొట్టుకుంటే, ముక్కు గాలికి మరీ దగ్గరైంది, లేదా తెరచాప వదులుగా ఉంది. గాలి చాటు పోగు గిలగిలలాడితే లేదా వేలాడిపోతే, ముక్కు గాలికి దూరమైంది, లేదా తాడు అతిగా బిగించారు. చుక్కాని పట్టినవారికి గుర్తు సులభం: ఆడుతున్న పోగు ఏ వైపు ఉంటే చుక్కాని పిడిని ఆ వైపుకు జరపాలి. ముందు సీటువారికైతే, గాలి వైపుది ఎగిరితే తాడు బిగించాలి, చాటుది వాలితే వదలాలి.

కొత్తవారంతా చేసే తప్పునే మనవరాలూ చేసింది. గట్టిగా లాగితే వేగం వస్తుందని నమ్మి, మొదటి నెలంతా తాడును పిడికిట బిగించి ఉంచింది. చాటు వైపు పోగు తలవాల్చుకొని వేలాడింది, పక్క పడవలు దాటిపోయాయి. అతిగా బిగిస్తే చాటు ముఖం మీద గాలి గుడ్డను విడిచి సుడులు తిరుగుతుంది. పడవను ముందుకు లాగే బలం పడిపోయి, పక్కకు నెట్టే బలం మిగులుతుంది. నాలుగు వేళ్ల వెడల్పు తాడు వదిలితే చాలు, పోగు లేచి సాగుతుంది, పడవ కదలిక మారుతుంది. పోగు బిగువు చేతితో తెలిసిన నేతపనివారి ఇంటి పిల్లకు ఆ తేడా ఒకసారి చూశాక మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

తెరచాప సరిగ్గా ఉన్నా పడవ ఒక పక్కకు ఒరిగితే వేగం దక్కదు. ఒరిగిన పడవ తనంతట తాను గాలి వైపు తిరగబోతుంది. దాన్ని ఆపడానికి చుక్కాని వంచితే అది నీళ్లలో అడ్డంగా నిలిచి బ్రేకులా పనిచేస్తుంది. అందుకే గాలి పెరిగేకొద్దీ ఇద్దరూ అంచు మీదికి జరిగి, ఒళ్లు బయటికి వాల్చి పడవను సమంగా నిలుపుతారు. గాలి పలచగా ఉన్నప్పుడు ముందుకు జరిగి కదలకుండా కూర్చుంటారు. అప్పుడు చిన్న కుదుపు వచ్చినా పోగు మీది గాలి చెదురుతుంది.

పందెం ఆరంభగీతకు ఒక చివర నిర్వాహకుల పడవ, మరో చివర బోయా అనే తేలే గుర్తు ఉంటాయి. ఐదు నిమిషాలు ఉండగా తరగతి జెండా, నాలుగు ఉండగా సన్నాహపు జెండా ఎగురుతాయి. ఒక నిమిషం ఉండగా రెండోది, సున్నా దగ్గర మొదటిది దిగుతాయి. ముందే గీత దాటినవారు వెనక్కి వచ్చి మళ్లీ దాటాలి. గీత రెండు చివర్లూ గాలికి సమానం కావడం అరుదు. గీత నడుమ పడవ ముక్కును సరిగ్గా గాలికి ఎదురు నిలిపితే, అది ఏ చివర వైపు మొగ్గితే ఆ చివర నుంచి బయలుదేరడం లాభం. ఆఖరి నిమిషంలో జనం లేని చోట, గాలి చాటు వైపు కాస్త జాగా ఉంచుకొని, చివరి పది క్షణాల్లో తాడు బిగించి వేగం అందుకోవాలి.

నియమాల పుస్తకాన్ని వరల్డ్ సెయిలింగ్ సంస్థ నాలుగేళ్లకోసారి ప్రచురిస్తుంది. ఇప్పటిది 2025–2028 కాలానిది. కొత్తవారికి నాలుగు చాలు. కుడి పక్క నుంచి గాలి అందుకొంటున్న పడవకు ఎడమ పక్క నుంచి అందుకొంటున్నది దారి ఇవ్వాలి. ఒకే వైపు గాలితో పక్కపక్కన పోతుంటే గాలి వైపున్నది తప్పుకోవాలి. వెనకనున్నది ముందుదాన్ని తగలరాదు. బోయా దగ్గర మూడు పడవల పొడవు లోపల, లోపలి పడవకు మలుపు తిరిగే చోటు ఇవ్వాలి. తప్పు చేసినవారు తామే ఒప్పుకొని రెండు చుట్లు తిరిగి శిక్ష తీర్చుకొంటారు. ఈ ఆటలో నీళ్ల మీద ఈల ఊదే రెఫరీ సాధారణంగా ఉండడు. నిజాయితీయే ఆటను నడిపిస్తుంది.

ముంబయి హార్బరులో గాలితో పాటు నీళ్లను కూడా చదవాలి. అమావాస్య, పున్నమి రోజుల్లో అక్కడ పోటుకూ ఆటుకూ నడుమ నీటి ఎత్తు తేడా ఒక్కోసారి నాలుగు మీటర్లు దాటుతుంది. పోటు ఉత్తరంగా లోపలికి, ఆటు దక్షిణంగా బయటికి లాగుతాయి. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. కోలీ జాలరులు తిథిని బట్టి ఆ వేళ చెప్పగలరు. ప్రవాహం ఎదురైనప్పుడు అది నెమ్మదిగా ఉండే లోతు తక్కువ అంచుల వెంట, అనుకూలమైనప్పుడు లోతైన నడుమన పోవాలి. లంగరు వేసిన బోయా వెనక నీళ్లు చీలే తీరు చూస్తే ప్రవాహం ఎటో, ఎంతో తెలుస్తుంది. ఈ సంగతి పోగుకు తెలియదు. రెండు పోగులూ చక్కగా సాగుతున్నా పడవ గమ్యానికి పక్కగా కొట్టుకుపోతూ ఉండవచ్చు. అందుకే బోయాను, దాని వెనక ఒడ్డున ఉన్న ఏదో ఒక కట్టడాన్ని ఒకే గీతలో పెట్టుకొని చూస్తూ ఉండాలి.

జూన్‌లో వానలు దిగితే హార్బరులో చిన్న పడవల పందేలు ఆగుతాయి. అప్పుడే హైదరాబాద్ హుస్సేన్ సాగర్ మీద పందేల కాలం మొదలవుతుంది. జులైలో అక్కడ సెయిలింగ్ వీక్, మాన్సూన్ రెగట్టా జరుగుతాయి. ఒక ఏడాది పోగు చుట్టిన తెరచాపలో కూర్చొని, కామాటీలు వచ్చిన దారినే లారీ మీద వెనక్కి ప్రయాణం చేసింది. 16వ శతాబ్దపు ఆ చెరువులో పోటు లేదు. కాని చుట్టూ ఉన్న భవనాల సందుల్లోంచి వచ్చే గాలి క్షణక్షణం దిక్కు మారుతుంది. నేరుగా పోతుండగా గాలి వైపు పోగు ఉన్నట్టుండి ఎగిరితే గాలి ముక్కు వైపు తిరిగిందన్నమాట. అది నిలిస్తే మలుపు తిరగాలి. చాటు వైపు పోగు ఆడితే గాలి కలిసొచ్చింది. ముక్కును ఇంకా ఎదురుకు తిప్పుకొని అదే దారిన పోవాలి. తిరిగింది గాలా, చుక్కానా అన్న అనుమానం తీరడానికి కదలని గుర్తు కావాలి. 1992లో చెరువు నడుమ రాతి మీద నిలిపిన బుద్ధ విగ్రహం అందుకు పనికొచ్చింది.

ఆ చెరువు మీద ఈ పోగు అన్నిటికన్నా ఎక్కువ చూసింది పిల్లలను. సుహేమ్ షేక్ స్థాపించిన యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్, పేద కుటుంబాల పిల్లలకు ఆప్టిమిస్ట్ పడవల మీద శిక్షణ ఇస్తుంది. 1947లో క్లార్క్ మిల్స్ గీసిన ఆ పడవ బరువు 35 కిలోలు. పదిహేనేళ్ల వరకు వయసున్న పిల్లలు ఒక్కరే నడుపుతారు. అక్కడ నేర్చుకొన్న ప్రీతి కొంగర 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల దాకా వెళ్లింది.

మెరుగుపడడానికి దగ్గరి దారి ప్రతి సాధనలోనూ ఒక్క విషయమే పట్టుకోవడం. ఒక రోజు మలుపులే, ఒక రోజు బోయా పక్కన నిమిషం సేపు కదలకుండా నిలిచే ఆరంభ సాధన. రెండు పడవలు పక్కపక్కన ఒకే వాలులో పోతూ, ఒకదానిలో ఒక్క సర్దుబాటు మాత్రమే మార్చి తేడా చూడాలి. మనవరాలు ప్రతి పందెం తరవాత గాలి, పోటు, తాడు ఎక్కడిదాకా లాగారన్నది నోటుపుస్తకంలో రాసుకొంది. తాడు మీద సిరాతో గుర్తులు పెట్టుకొంది. గెలిచినవారిని ఎందుకు అటువైపు వెళ్లారని అడిగింది. మూడో ఏడాదికి మెడ మీద తగిలే గాలితోనే మార్పు పసిగట్టి, పోగును నిర్ధారణ కోసం చూసే స్థితికి వచ్చింది.

ఎండకు, ఉప్పుకు ఊలు నలుగుతుంది. రెండు సీజన్లు గడిచేసరికి ఈ పోగు చివర నూగు లేచి చీలిపోయింది. దాని చోట కొత్త ఎర్రపోగు వచ్చింది. పాతదాన్ని తెరచాప స్తంభాన్ని పట్టి నిలిపే తీగకు, కంటి ఎత్తులో కట్టారు. గాలి వెంట పోయేటప్పుడు తెరచాప మీది పోగులు పనిచేయవు. అప్పుడు గాలి ఎటు నుంచి వస్తున్నదో తీగ మీది పోగే చెప్పాలి. ముందు సీటులోకి కొత్తగా వచ్చినవారికి మొదట చూపించేదీ దాన్నే.