గజపతినగరంలో వైర్‌లెస్ కంపెనీ: తిరుగులేని చిట్కాలు

గజపతినగరంలో వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్ రేడియోల కంపెనీ పెట్టారా? శుభం. షట్టరుంది, బోర్డుంది, సరుకుంది. ఇక కావలసింది వ్యూహం. కింద చెప్పినట్టు చేయండి, మూడేళ్లలో మీకు చేయడానికి ఏ పనీ మిగలదు.

1. డబ్బా మార్చండి, రేడియో జోలికి పోకండి. సొంత డిజైనంటే ఇంజినీర్లు, ల్యాబు, నిద్రలేని రాత్రులు. మద్రాసు ఐఐటీలో అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం, మైడాస్ కంపెనీ కలిసి ఏళ్ల తరబడి కూర్చుని కార్‌డెక్ట్ తయారుచేశాయి. తీగ లేకుండా పల్లెకు ఫోను, దాంతోపాటు 35 నుంచి 70 కిలోబిట్ల ఇంటర్నెట్టు! ఈలోగా సెల్‌ఫోన్లు వచ్చిపడ్డాయి. కష్టపడితే ఇంతే. మీరు బయటినుంచి తెప్పించిన రేడియో మీది స్టిక్కరును హెయిర్ డ్రయ్యరుతో వేడిచేసి ఊడదీసి, మీ పేరు అంటించండి. లాగిన్ పేజీలో పాత పేరు కనిపించిందా? "మా టెక్నికల్ పార్ట్‌నరండీ" అనండి.

2. ఏ టెక్నాలజీ అన్నది తేల్చకండి. 2010 వేలంలో ఇన్ఫోటెల్ దేశమంతటికీ స్పెక్ట్రమ్ 12,848 కోట్లకు పాడుకుంది, వెంటనే రిలయన్స్ దాన్ని కొనేసింది. చాలామంది వైమాక్స్ అంటుంటే వాళ్లు ఎల్‌టీఈ పట్టుకున్నారు, 2016 సెప్టెంబరు 5న వాళ్ల జియో దిగింది. ఒకటి ఎంచుకోవడం డబ్బున్నవాళ్ల జబ్బు. మీరు వైమాక్స్ స్టాకు గోడౌన్‌లోనే ఉంచండి. బెల్‌బాటం ప్యాంట్లు మళ్లీ రాలేదూ?

3. 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో 605 మెగాహెర్ట్జ్‌కు లైసెన్సు అక్కర్లేదన్నారు. దాన్ని "రూల్సే అక్కర్లేదు" అని చదువుకోండి. టైప్ అప్రూవల్ కాగితాలు రేపు చూద్దాం. పక్క ఆపరేటరు ఉన్న ఛానల్లోనే మీదీ పెట్టి పవర్ పెంచండి. అతనూ పెంచుతాడు. ఇద్దరి కస్టమర్లకూ నెట్టు రాదు, లెక్క సమానం.

4. సర్వేకు వెళ్లకండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. మెంటాడ వైపో, బొండపల్లి వైపో లింకు వేయమంటే నిచ్చెన ఎక్కడమెందుకు? ఫోన్లో మ్యాపు తెరిచి గీత గీయండి. మ్యాపులో తాటిచెట్టు ఎత్తు ఉండదు, అదే దాని అందం. 5 కిలోమీటర్ల లింకుకు సరిగ్గా మధ్యలో, ఆ గీత చుట్టూ సుమారు 8 మీటర్ల మేర సిగ్నల్ సాగడానికి కావలసిన ఫ్రెనెల్ జోన్ ఉంటుందనీ, అందులో కనీసం 60 శాతం ఖాళీగా ఉండాలనీ చదువుకున్న కుర్రాడు గొణుగుతాడు. "అవతలి టవరు లైటు కనిపిస్తోంది కదరా" అని నోరు మూయించండి. పని ఎండాకాలంలో ముగించి డబ్బు తీసుకోండి. వానలు పడి మామిడాకు తడిసి సిగ్నల్ పడిపోయేసరికి మీ ఫోను స్విచాఫ్‌లో ఉండాలి.

డిష్ వెనక కనెక్టరుకు వాటర్‌ప్రూఫ్ టేపు చుట్టకండి, కేబులును కిందికి వంచి నీటిబొట్టు జారిపోయేలా లూపు వదలకండి. ఎంత టేపు మిగులుతుందో! నీళ్లు కేబుల్లోంచి మెల్లగా దిగి ఇంట్లో అడాప్టరు దాకా వస్తాయి, పిన్నులు పచ్చగా చిలుమెక్కుతాయి. "ఏటి బావూ, నెట్టు రాట్లేదు" అని ఫోనొస్తే, "వాన కదండీ, గాల్లో సిగ్నల్ తడిసిపోయింది" అనండి. 5 గిగాహెర్ట్జ్‌ను వాన చినుకు పెద్దగా ఏమీ చేయలేదన్న సంగతి మీరు చెప్తే కదా ఆయనకు తెలిసేది.

5. సాకులు ముందే రాసి గోడకు అంటించుకోండి. "పైనుంచే లైను కట్" రోజూ పనికొస్తుంది. "కుర్రాళ్లు సిరిమానోత్సవానికి విజయనగరం పోయారు" అన్నది ఏ మంగళవారమైనా చెల్లుతుంది, దసరాతో పనిలేదు. బాగా గట్టి కస్టమరుకు హుద్‌హుద్ తీయండి. అది వచ్చింది 2014 అక్టోబరు 12న, మీరు షట్టరెత్తింది మొన్న. ఫర్వాలేదు, తుపాను పేరు చెబితే మన జిల్లాలో ఎవరూ ఎదురాడరు.

6. ఫైబర్ ఉన్న వీధిలోనే అమ్మండి. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, ఏపీ ఫైబర్‌నెట్ మొదట్లో నెట్టు, టీవీ, ఫోను కలిపి 149 రూపాయలకే ఇచ్చింది. మీరు 148కి దిగండి. సాలూరు దాటాక కొండ ఊళ్లున్నాయి, తోటల మధ్య విడివిడి ఇళ్లున్నాయి, అక్కడికి తీగ లాగితే గిట్టదు, నాలుగు రూపాయలు ఎక్కువైనా రేడియోనే తీసుకుంటారు. అందుకే అటు పోకండి. ఘాట్ రోడ్డు, ఎండ, పైగా వాళ్లు నిజంగా వాడతారు.

7. ఉన్న సరుకంతా ఒకే ఆపరేటరుకు అరువివ్వండి. బంధువైతే మరీ మంచిది, అడగడానికి మొహమాటం ఉంటుంది.

8. 2023 సెప్టెంబరు 19న హైదరాబాదు సహా 8 నగరాల్లో జియో ఎయిర్‌ఫైబర్ మొదలైంది. ఇంటిమీద డబ్బా, గాల్లో నెట్టు. "మన ఐడియానే కొట్టేశారు" అని టీ కొట్టు దగ్గర చెప్పండి. తర్వాత బోర్డు తుడిపించి, "ఎయిర్‌ఫైబర్ కనెక్షన్లు ఇప్పించబడును" అని రాయించండి. పెయింటరుకు డబ్బులు సోమవారం ఇస్తానని చెప్పండి.