తిరునెల్వేలిలో ఏమీ కాలేదట!

భారత రక్షణ మంత్రివర్యులు శ్రీ రాజ్‌నాథ్ సింగ్ గారి దివ్య సముఖానికి, వికారాబాద్ గాలి పీల్చి గండిపేట నీళ్లు తాగి బతికే ఒకానొక పౌరుడు సవినయంగా విన్నవించుకునేది ఏమనగా:

తమరు 2024 అక్టోబర్ 15న మా దామగుండం అడవికి వేంచేసి, జలాంతర్గాములకు కబురు పంపే నేవీ వారి వీఎల్ఎఫ్ రేడియో కేంద్రానికి శంకుస్థాపన చేసి వెళ్లారు. ఢిల్లీ నుంచి అంత దూరం వచ్చినందుకు ధన్యవాదాలు. కేంద్రంలో మీరు, రాష్ట్రంలో వారు, ఊరంతా తెలిసిన కయ్యం. అయినా ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారితో కలిసి ఒకే వేదిక ఎక్కారు. ఇంకెక్కడా కుదరని ఏకాభిప్రాయం 2,900 ఎకరాల అడవి దగ్గర ఎంత ముచ్చటగా కుదిరిందో! పైగా మాకు అభయం కూడా దొరికింది. ఇలాంటి కేంద్రమే తమిళనాడులోని తిరునెల్వేలిలో 1990 నుంచి నడుస్తోందట. అక్కడెవరికీ ఏమీ కాలేదట. కాబట్టి ఇక్కడా ఏమీ కాదట.

ఏమీ కాలేదని ఎవరు చూశారండీ?

వెటకారానికి అడగడం లేదు. ఏ డాక్టరు చూశాడు? ఏ ఊళ్లో చూశాడు? తిరునెల్వేలి కేంద్రమైన ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ కంచె పక్కన విద్యుదయస్కాంత క్షేత్రం ఎంతుంది, కిలోమీటరు దూరంలో ఎంతుంది, బడి దగ్గర ఎంతుంది? 1990కి ముందు అక్కడి జనం ఆరోగ్యం ఎలా ఉండేదో లెక్క ఉందా? ముందు లెక్క లేకుండా తర్వాత తేడా లేదని ఎలా తెలిసింది? నిజంగానే ఏమీ కాకపోయి ఉండొచ్చు. అయితే ఆ కాగితం తెచ్చి దామగుండం ఉన్న పూడూరు మండల ఆఫీసు గోడకు అంటించండి, తెలుగులో. చదువుకుని నిశ్చింతగా నిద్రపోతాం. కాగితం లేకుండా మైకు ఒక్కటే ఇచ్చిన భరోసాతో నిద్ర ఎలా పడుతుంది?

మేం పుకార్లు నమ్మే మూర్ఖులమని మీ అధికారుల ఉద్దేశం. సరే, పుకార్లు పక్కన పెడదాం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో బాగా తక్కువ పౌనఃపున్యపు అయస్కాంత క్షేత్రాలను, 2011లో 30 కిలోహెర్ట్జ్ పైనున్న రేడియో తరంగాలను పరిశీలించింది. రెండింటినీ ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అనే జాబితాలోనే పెట్టింది. మీ వీఎల్ఎఫ్ 3 నుంచి 30 కిలోహెర్ట్జ్. అంటే ఆ రెండు పరిశీలనల నడుమ సందులో పడింది. దానర్థం ప్రమాదం ఉందని కాదు. ఈ మధ్య పట్టీ మీద జరిగిన పరిశోధనే తక్కువని. పరిశోధన తక్కువైన చోట ‘ఏమీ కాదు’ అని అంత గట్టిగా చెప్పగలగడానికి చాలా ధైర్యం కావాలి. ఆ ధైర్యం మీకుంది, ఎందుకంటే మీరు సాయంత్రం విమానమెక్కి వెళ్లిపోతారు.

ఈ మాట అనగానే మీవాళ్లు ఎదురు ప్రశ్న వేస్తారు: దేశభద్రత అక్కర్లేదా? కావాలి మహాప్రభో, కావాలి. సముద్ర గర్భంలో నెలల తరబడి ఉండే మన నావికులకు కబురు అందాల్సిందే. సముద్రానికి మూడొందల కిలోమీటర్ల దూరంలో జలాంతర్గాముల కేంద్రం ఏమిటని కూడా అడగను. ఈ తరంగాలు వేల కిలోమీటర్లు పోతాయని చదివాను. ఇంకో సంగతి కూడా చదివాను. ఈ పద్ధతిలో కబురు అటే వెళ్తుందట. అడుగునున్న జలాంతర్గామి వినాల్సిందే, ఆ దారిన తిరిగి బదులు పంపలేదట. దానికి కావలసినంత యాంటెన్నా జలాంతర్గామిలో పట్టదు మరి. మాకేమైంది? మేం నేల మీదే ఉన్నాం కదా, మాకు నోరుంది కదా. మాతో కూడా అదే పద్ధతి ఎందుకు?

నేవీని ప్రశ్నిస్తే దేశానికి ముప్పా? సియాటిల్‌లో మనవాళ్లు బోలెడుమంది ఉన్నారు, అడిగి చూడండి. అక్కడికి దగ్గర్లోని విడ్బీ ద్వీపంలో అమెరికా నేవీ గ్రౌలర్ విమానాలున్నాయి. శత్రువు రాడార్ల కళ్లు కప్పే ఎలక్ట్రానిక్ యుద్ధం వాటి పని. ఆ సాధన కోసం ఒలింపిక్ అడవి దారుల్లో ట్రక్కుల మీద ట్రాన్స్‌మిటర్లు తిప్పుతామని అనుమతి అడిగితే, 2014లో జనం సభలకు వచ్చి నేవీ అధికారులను ముఖాముఖి నిలదీశారు. తర్వాత ఇంకొన్ని గ్రౌలర్లను తెస్తామంటే 2019లో సాక్షాత్తూ వాషింగ్టన్ రాష్ట్ర ప్రభుత్వమే కోర్టుకెక్కింది. పిల్లల చదువుల మీద, పక్షుల మీద ఆ విమానాల మోత ప్రభావాన్ని నేవీ సరిగ్గా పరిశీలించలేదని 2022లో ఫెడరల్ జడ్జి తేల్చారు. అధ్యయనం మళ్లీ చేయక తప్పలేదు. విమానాలు ఆగలేదు. అమెరికా మునిగిపోలేదు. అక్కడ రాష్ట్రం కోర్టుకు వెళ్లింది, ఇక్కడ రాష్ట్రం శాలువా పట్టుకుని ఎదురొచ్చింది.

ఇక చెట్లు. పన్నెండు లక్షలు పోతాయని ఉద్యమకారులు, అన్ని కాదని అధికారులు. మరి ఎన్ని? లెక్క చెప్పడానికి తరంగాల శాస్త్రం అక్కర్లేదు, ఒకట్లు పదులు వస్తే చాలు. బదులు అడవి పెంచడానికి నేవీ 133.54 కోట్లు కట్టిందట. సంతోషం. తాతను తీసుకెళ్లి, ఎక్కడో పుట్టబోయే మనవణ్ని చూపిస్తే ఇల్లు నిండుతుందా? పూడూరు పల్లెల మేకలు ఆ కొత్త అడవిలో మేయడానికి ఏ బస్సెక్కాలి? కార్తీకంలో సీతాఫలాల గంప దించుకునే ఆడవాళ్లు ఇక ఏ కొండకు పోవాలి? అడవి లోపలున్న రామలింగేశ్వరుడి దర్శనానికి ఇబ్బంది ఉండదంటున్నారు. ఆయనను చూడటానికి రేపు సెంట్రీకి ఆధార్ కార్డు చూపాలేమో.

మా సొంత నాయకుల సంగతి మీకు చెప్పుకోవడం సిగ్గుచేటే గానీ చెప్పక తప్పదు. 2017లో ఈ భూమికి జీవో ఇచ్చింది పాత ప్రభుత్వమేనని అధికారంలో ఉన్నవాళ్లు అంటారు. పదేళ్లు ఆపింది మేమేనని అధికారం పోయినవాళ్లు అంటారు. 2024 జనవరిలో భూమి మాత్రం నేవీ చేతికి వెళ్లింది. భూమి ఇచ్చిన రాష్ట్ర ప్రభుత్వమే అదే ఏడు హైదరాబాద్‌లో మూసీని బతికిస్తానంటూ చాదర్‌ఘాట్ పేదల గోడల మీద ఎర్రరంగుతో ఆర్‌బి-ఎక్స్ అని కూల్చివేత గుర్తు రాసింది. మూసీ పుట్టేది ఈ అనంతగిరి కొండల్లో కాదూ? కింద నది కోసం ఇళ్లు కూలుస్తారు, పైన నది పుట్టిల్లు పక్కన అడవి కొడతారు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా రోడ్డు పక్క మర్రిచెట్ల కోసం కూడా గ్రీన్ ట్రిబ్యునల్ మెట్లెక్కాల్సి వచ్చింది. మా వైపు చెట్టుకు నీడ కావాలంటే వకీలును పెట్టుకోవాల్సి వస్తోంది.

మంత్రిగారూ, వెటకారం ఇక చాలు, నాకే విసుగొచ్చింది. శంకుస్థాపన అయిపోయింది. రాయి వెనక్కి పోదని తెలుసు. 2027కల్లా కేంద్రం మొదలవుతుందంటున్నారు. అంటే ఇంకా సమయం ఉంది. దయచేసి మీట నొక్కకముందే చుట్టుపక్కల ఊళ్లలో ఆరోగ్య సర్వే చేయించండి. గర్భిణులు, పసిపిల్లలు, బావుల నీటిమట్టం, తేనెటీగలు, పక్షులు, అన్నీ ఇవాళ ఎలా ఉన్నాయో రాసిపెట్టండి. ఆ పని నేవీకి, కాంట్రాక్టరుకు కాకుండా మెడికల్ కాలేజీలకు, యూనివర్సిటీలకు అప్పగించండి. మొదలయ్యాక ఏటా మళ్లీ చూడండి. కంచె బయట నాలుగు దిక్కులా కొలతల యంత్రాలు పెట్టి, అంకెలు జనానికి కనపడేలా ఉంచండి. ఒక్క చెట్టు కొట్టకముందు చెట్ల జాబితా బయటపెట్టండి. వీటిలో ఏ ఒక్కటీ శత్రువుకు పనికొచ్చే రహస్యం కాదు. మీ ఖర్చులో ఇది లెక్కలోకి రాదు.

పూడూరు, పరిగి, చేవెళ్ల, వికారాబాద్ వాళ్లకూ ఒక మాట. సమాచార హక్కు దరఖాస్తు రుసుము పది రూపాయలు. తిరునెల్వేలి కొలతల కోసం ఇంటికొక దరఖాస్తు పెడదాం. సెక్షన్ 8 చూపించి దేశభద్రత అంటారు. అప్పీలుకు వెళ్దాం. చెట్ల సంఖ్య, మన పిల్లల ఆరోగ్యం సైనిక రహస్యాలని రాసి, కింద సంతకం పెట్టే అధికారి ఎవరో ముందు చూద్దాం.