ఒక్కడే చాలంట!

గరివిడిలో ఏ టీ బడ్డీ దగ్గర నిలబడినా దేశానికి మందు ఒక్కటే చెబుతున్నారు: అధ్యక్ష తరహా పాలన. "ఈ ఎమ్మెల్యేలూ ఎంపీలూ ఎందుకు బావూ? అమెరికా చూడు, ఒక్కడే. అనుకున్నాడంటే అయిపోద్ది!" చెప్పేవాయన కొడుకు డల్లాస్‌లో ఉంటాడు కాబట్టి ఎదురు మాట్లాడే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ ఒక్కడి వైభోగం చూడండి. మంత్రిని పెట్టుకోవాలంటే సెనేట్ ఔననాలి. ఖజానా తాళం కాంగ్రెస్ దగ్గరుంటుంది. బిల్లు నచ్చక వీటో చేస్తే, రెండు సభలూ మూడింట రెండొంతుల బలంతో ఆ వీటోని తీసి పక్కన పడేయగలవు. చదువు అప్పులు మాఫీ చేస్తానని బైడెన్ మాటిస్తే, 2023లో సుప్రీంకోర్టు కుదరదు పొమ్మంది. మన దగ్గర రుణమాఫీ హామీ ఇచ్చి గెలిచినవాళ్ళు ఈ వార్త చదివి ఎంత జాలిపడ్డారో! 2025 అక్టోబరు 1న ఖర్చుల బిల్లు తెగక ప్రభుత్వం మూతపడితే, తెరవడానికి 43 రోజులు పట్టింది. లక్షలమంది ఉద్యోగులకి జీతాల్లేవు, అధ్యక్షుడి కుర్చీ మాత్రం చెక్కుచెదరలేదు. అదే మన లోక్‌సభలో బడ్జెట్ ఓడితే మూట సర్దుకోవాల్సింది మంత్రివర్గం.

అక్కడ అధ్యక్షుణ్ణి జనమే నేరుగా ఎన్నుకుంటారట, అదింకో ముచ్చట. 2016లో హిల్లరీ క్లింటన్‌కి 28 లక్షల పైచిలుకు ఓట్లు ఎక్కువొచ్చాయి. గెలిచింది ట్రంప్. అక్కడ లెక్కకొచ్చేది రాష్ట్రాలవారీగా పంచిన 538 ఎలక్టర్ల ఓట్లు.

అంటే మన బడ్డీ మేధావికి కావాల్సింది అధ్యక్షుడు కాదు, రాజు. దానికి అమెరికా దాకా ఎందుకు, పక్కనే విజయనగరం కోట ఉంది!

నాలుగైదేళ్ళు కదలని ప్రభుత్వం ఉండాలన్న ఆశలో తప్పేం లేదు. 1984 ఆగస్టులో ముఖ్యమంత్రి ఎన్టీఆర్‌ని దించేసిన తీరు చూసినవాళ్ళకి ఆ ఆశ సహజం కూడా. కానీ అంబేద్కర్ 1948 నవంబరు 4నే రాజ్యాంగసభలో తేల్చేశారు: అమెరికా పద్ధతిలో స్థిరత్వం ఎక్కువ, జవాబుదారీ తక్కువ; మనం జవాబుదారీనే ఎంచుకున్నాం. అమెరికా ముగ్గురు అధ్యక్షుల్ని నాలుగుసార్లు అభిశంసించింది. ఒక్కణ్ణీ దించలేకపోయింది. అక్కడ మంత్రి అయ్యేవాడు ఏ ఊళ్ళోనూ ఓటడగక్కర్లేదు; సభ్యుడే మంత్రయితే సభ్యత్వం వదులుకోవాలి.

ఇక్కడ వి.వి. గిరి 1952లో పాతపట్నంలో ఓట్లడిగి గెలిచి, కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. 1957లో పార్వతీపురంలో నిలబడితే జనం ఓడగొట్టారు. పన్నెండేళ్ళకి ఆయనే రాష్ట్రపతి. అంతటివాణ్ణి గుమ్మంలో నిలబెట్టి ఓటడిగించుకున్న హక్కు వద్దనుకునేవాళ్ళు, ముందు పార్వతీపురం వెళ్ళి ఆ మాట చెప్పి రండి.