పిల్లాడు ముట్టుకోని ప్రాజెక్టు చేయడం ఎలా?

విశాఖ ద్వారకా నగర్‌లో కాపురం, ఇంట్లో మూడో క్లాసు పిల్లాడు, చేతిలో ఖాళీ ఆదివారం. ఈ మూడూ కలిసొచ్చిన తండ్రి ఎవరైనా ఏదో ఒక రోజు సోల్డరింగ్ ఐరన్ కొని తీరతాడు. తప్పు ఆయనది కాదు. వీధిలోకి వస్తే బ్యాంకు పరీక్షలు, సీఏ, గ్రూప్స్, ఐఐటీ ఫౌండేషన్ అంటూ మేడ మేడకీ కోచింగ్ బోర్డులు. డైమండ్ పార్కు నుంచి కాంప్లెక్సు దాకా వాటిని చదువుకుంటూ నడిచొచ్చిన మనిషికి, ఇంట్లో నేల మీద బొమ్మ కారు తోసుకుంటున్న కొడుకుని చూస్తే గుండె గుభేలుమంటుంది. వీడికి ఎలక్ట్రానిక్స్ నేర్పాలి అనుకుంటాడు. ఆ క్షణం నుంచి ప్రాజెక్టు పూర్తయ్యేదాకా పిల్లాడి చెయ్యి దాని మీద పడకుండా కాపాడుకోవడం ఎలాగో చెప్పడమే ఈ వ్యాసం పని. పిల్లాడు అన్నచోటల్లా పిల్ల అని కూడా చదువుకోవచ్చు. ఆడపిల్లలైతే స్క్రూడ్రైవరు ఇంకా తొందరగా లాక్కుంటారు కాబట్టి రెట్టింపు జాగ్రత్త.

మొట్టమొదటి సూత్రం: ఏం చేద్దామని వాణ్ణి అడక్కూడదు. అడిగితే చెప్పేస్తాడు. "చెల్లి నా డ్రాయరు తెరిస్తే కుయ్యిమని అరవాలి నాన్నా" అంటాడు. ఇంతకంటే ప్రమాదకరమైన కోరిక లేదు. దానికి కావలసింది ఒక ఎల్‌డీఆర్, ఒక బీసీ 547 ట్రాన్సిస్టరు, ఒకటి రెండు రెసిస్టర్లు, ఒక బజరు, ఒక తొమ్మిది వోల్టుల బ్యాటరీ. డ్రాయరు మూసి ఉన్నంతసేపూ చీకట్లో ఎల్‌డీఆర్ రెసిస్టెన్సు లక్షల ఓముల్లో ఉంటుంది. తెరవగానే వెలుతురు తగిలి వేలల్లోకి పడిపోతుంది, ట్రాన్సిస్టరు ఆన్ అవుతుంది, చెల్లి దొరికిపోతుంది. ఒక్క సాయంత్రంలో పనైపోతుంది. సాయంత్రానికే పనైపోతే మర్నాడు ఆఫీసులో ఏం చెప్పుకుంటారు? అందుకని అడ్డం వస్తే ఆగే రోబో కారుకి మాత్రమే ఒప్పుకోండి. అపార్టుమెంటు మొత్తానికి నీళ్ల ట్యాంకు అలారం కూడా ఫరవాలేదు. అసోసియేషన్ మీటింగుల్లో ఏడాదిపాటు నానుతుంది.

సామాన్లు కొనడానికి పిల్లాణ్ణి వెంట తీసుకెళ్లకండి. స్పేర్ల కొట్టులో కౌంటరు వెనకున్నాయన "రెసిస్టరు ఎంత వాట్ సార్, క్వార్టరా, హాఫా?" అంటాడు. మీరు నీళ్లు నములుతారు. పిల్లాడేమో "వాట్ అంటే ఏంటంకుల్?" అని నేరుగా అడిగేస్తాడు. ఆయన చేతిలో పని పక్కన పెట్టి, సన్నదీ లావుదీ రెండూ కౌంటరు మీద పెట్టి, ఏది ఎంత వేడి తట్టుకుంటుందో చూపిస్తాడు. మీరు నేర్పవలసిన చదువు పరాయివాడి నోటి మీదుగా, మీ కళ్లెదుటే, పైసా తీసుకోకుండా జరిగిపోతుంది. ఆన్‌లైన్‌లో ముప్పై ఏడు సెన్సర్ల కిట్టు తెప్పించుకోండి. అందులో మూడు వాడతారు. మిగతా ముప్పై నాలుగూ వాడతామన్న నమ్మకం పెట్టెతో పాటు ఉచితం.

పనికి డైనింగ్ టేబుల్‌ని మించింది లేదు. ఐరన్ వేడెక్కి పేస్టు పొగ లేవగానే వంటింట్లోంచి మామ్మగారు "ఏట్రా ఆ కంపు?" అంటారు. సైన్సు అనండి. ఇక్కడ ఒక్క నిమిషం వెటకారం ఆపుతాను. మన బజారులో దొరికే మామూలు సోల్డరు తీగలో నూటికి అరవై పాళ్లు తగరం, నలభై పాళ్లు సీసం. సీసం పిల్లల మెదడుకి మంచిది కాదు. తినే బల్ల మీద ఆ పని వద్దు, కిటికీ తెరిచి పెట్టుకోవాలి, అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. 230 వోల్టుల ఇంటి కరెంటుతో పిల్లల ప్రాజెక్టు ఏదీ చేయకూడదు. అన్నిటికంటే ముఖ్యం, చూడ్డానికి రూపాయి బిళ్లలా మెరిసే లిథియం బటన్ సెల్. చంటిపిల్ల మింగితే, అది గొంతులో ఇరుక్కుంటే, రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. వాంతి కోసం, వాళ్ల కోసం వీళ్ల కోసం చూడకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి. సెల్ పెట్టే మూతకి స్క్రూ లేని బొమ్మని, మీరు చేసినదైనా కొన్నదైనా, ఇంట్లో ఉంచకండి. సరే, మళ్లీ మన దారిలోకి వద్దాం.

మొదటి పాఠం ఎల్ఈడీ. ఎర్ర ఎల్ఈడీ తనకోసం సుమారు రెండు వోల్టులు ఉంచుకుంటుంది. తొమ్మిదిలోంచి రెండు పోతే ఏడు. ఆ ఏడింటినీ 390 ఓముల మీద పడేస్తే పద్దెనిమిది మిల్లీ ఆంపియర్లు నడుస్తాయి, దీపం హాయిగా వెలుగుతుంది. నారింజ, తెలుపు, గోధుమ చారలున్న రెసిస్టరు అది. పుట్టే వేడి వాట్‌లో ఎనిమిదో వంతే కాబట్టి కొట్టాయన అడిగిన క్వార్టరు చాలు. ఇదంతా కాగితం మీద ఓమ్ సూత్రంతో సహా మూడో క్లాసు పిల్లాడికి ముప్పావుగంట చెప్పండి. వాడు మధ్యలో "రెసిస్టరు పెట్టకపోతే ఏమవుద్ది?" అంటాడు. పెట్టకపోతే ఎర్రటి దీపం ఒక్కసారి నారింజ రంగుకి తిరిగి, కమురు వాసన కొట్టి ఆరిపోతుంది. ఒక్కోసారి టప్పున పగులుతుంది కూడా. కళ్లద్దాలు పెట్టి ఒకటి కాల్చి చూపిస్తే ముప్పావుగంట పాఠం మూడు సెకన్లలో తేలిపోతుంది, ఖర్చు రెండు మూడు రూపాయలు. కాబట్టి చూపించకండి. "డబ్బులు చెట్లకి కాస్తున్నాయా?" అని గద్దించండి. రోబో కోసం కొన్న మోటారు డ్రైవరు బోర్డుకి ప్లస్సూ మైనస్సూ తిరగేసి మీరే పొగ తెప్పించిన సంగతి ఆ సమయంలో ప్రస్తావనకి రాకూడదు.

తరవాత ఆర్డ్యునో. ఇంజినీరింగు రాని వాళ్ల కోసమే, 2005లో ఇటలీలోని ఇవ్రేయా అనే ఊళ్లో, డిజైన్ విద్యార్థుల చేతికి అందాలని తయారైన బోర్డు ఇది. పేరు ఆ ఊళ్లో వాళ్లు కూర్చునే బారుది. ఆ వివరం మామ్మగారికి చెప్పనక్కర్లేదు. మీరు మాత్రం దీన్ని ఇంజినీరింగు నాలుగో ఏడాది సబ్జెక్టులా మొదలుపెట్టండి. దీపాన్ని ఆర్పి వెలిగించే ప్రోగ్రాములో వెయ్యి అనే అంకె ఉంటుంది, అంటే వెయ్యి మిల్లీసెకన్లు. కీబోర్డు పిల్లాడికి దొరికిందా, వెయ్యిని వంద చేస్తాడు, దీపం గబగబా కొట్టుకుంటుంది. వందని పది చేస్తాడు. అప్పుడు దీపం ఆరడం మానేసి నిలకడగా వెలుగుతున్నట్టే ఉంటుంది. "ఆరట్లేదేంటి నాన్నా?" ఆరుతూనే ఉంది, సెకనుకి యాభైసార్లు. కన్ను పట్టుకోలేకపోతోంది. సినిమా తెర మీద బొమ్మ కదిలేదీ కన్ను చేసే ఇలాంటి పొరపాటు వల్లే. ఇంత దూరం వెళ్తే వాడు మీ చేతికి దొరకడు. అందుకే కీబోర్డుకీ వాడికీ మధ్య మీ మోచెయ్యి అడ్డం పెట్టి ఉంచండి.

ఇక్కడి తండ్రులకి మాత్రమే ఎదురయ్యే పెద్ద గండం ఇంకోటి ఉంది, దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. రోబో కారు ముందు రెండు కళ్లలా కనిపించే అల్ట్రాసోనిక్ సెన్సరు పెడతారు కదా. ఒక కన్ను నలభై కిలోహెర్ట్జ్‌లో కూత పెడుతుంది, మన చెవి ఇరవై దగ్గరే ఆగిపోతుంది కాబట్టి మనకి వినపడదు. రెండో కన్ను ప్రతిధ్వని కోసం కాచుకుంటుంది. గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు వెళ్తుంది. గోడ మీటరు దూరంలో ఉంటే వెళ్లి రావడానికి ఆరు మిల్లీసెకన్లకి కొంచెం తక్కువ. వచ్చిన కాలాన్ని సగం చేసి వేగంతో గుణిస్తే గోడ ఎంత దూరమో తెలుస్తుంది. ఈ ముక్క సగం చెప్పేసరికే విశాఖ పిల్లాడు "కుర్సురాలో ఉన్నట్టా?" అంటాడు. బీచ్ రోడ్డులో ఇసుక మీద కూర్చోబెట్టిన ఆ సబ్‌మెరైన్‌లోకి వెళ్లిరాని పిల్లాడు ఈ ఊళ్లో అరుదు. 1969 డిసెంబరులో నేవీలో చేరి, ముప్పై ఒక్కేళ్లు పనిచేసి, 2001లో విరమించి, మరుసటేడు మ్యూజియం అయింది. తొంభై ఒక్క మీటర్ల ఇనప గొట్టంలో, నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లే నిలబడి సోనార్ ఏదో, టార్పెడో ఏదో వాడికి అప్పటికే చూపించేశారు. మీ పాఠం కంటే ముందే వాడి దగ్గర బొమ్మ ఉంది.

అక్కడితో ఊరుకుంటే బాగుండును. "మన కూత శత్రువుకి వినపడదా?" అని అడుగుతాడు. వినపడుతుంది. అందుకే సబ్‌మెరైన్లు చాలావరకు కూత పెట్టవు, నోరు మూసుకుని చెవులు రిక్కించి తిరుగుతాయి. ఇది మీకు తెలియకపోతే "ముందు హోంవర్కు తియ్యి" అనండి. తెలిసినా అదే అనండి. కాసేపటికి బాత్‌రూములో చప్పుడవుతుంది. సెన్సరుని బకెట్టులో ముంచి ఉంటాడు. సబ్‌మెరైన్ ఉండేది నీళ్లలో కదా, నీళ్లలో శబ్దం గాలిలో కంటే నాలుగు రెట్లు జోరుగా, సెకనుకి 1500 మీటర్ల దాకా పోతుందని ఎక్కడో విన్నాడు, సరిచూసుకుంటున్నాడు. ఆ సెన్సరు నీళ్లకి పనికిరాదు, పోయింది. పరిశోధకులు చేసే పనే వాడూ చేశాడు. చివాట్లు పెట్టండి. వాటితో పాటు ప్రశ్నలూ ఆగిపోతాయి.

ఇంట్లో తాతగారుంటే ఇంకో రకం ఉపద్రవం. పోర్టులోనో స్టీల్ ప్లాంటులోనో పనిచేసి రిటైరైన ఆ తరం వాళ్లకి చేతులు ఊరికే ఉండవు. "బ్యాటరీ లేని రేడియో చేద్దామేట్రా మనవడా" అంటారు. అట్ట గొట్టానికి ఎనామిల్ రాగి తీగ చుట్టడం, పాత ట్రాన్సిస్టరులోంచి పీకిన గ్యాంగ్ కండెన్సరు, ఓఏ 79 అనే గాజు డయోడు, డాబా మీద బట్టలు ఆరేసే తాడు పక్కనే పొడుగు ఏరియల్ తీగ, నీళ్ల గొట్టానికి ఎర్త్. 1963లో మొదలైన ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రానిది మీడియం వేవ్‌లో 927 కిలోహెర్ట్జ్. తీగచుట్ట రెండు వందల మైక్రోహెన్రీలుంటే, కండెన్సరు నూట నలభై ఏడు పికోఫారడ్ల దగ్గర తిరిగినప్పుడు ఆ రెండూ కలిసి సరిగ్గా ఆ స్టేషను దగ్గరే ఊగుతాయి. డయోడు ఆ ఊగులో ఒక సగాన్ని కత్తిరించి పాటని బయటికి తీస్తుంది. స్టేషను పంపిన తరంగంలో ఉన్న శక్తే చెవిలో చప్పుడవుతుంది, ఎక్కడా సెల్ లేదు.

ఇందులో కష్టమైన పనంతా పిల్లలు చేయగలిగిందే కావడం దారుణం. చుట్లు లెక్కపెట్టేది మనవడు, తీగ పట్టుకునేది తాత, తండ్రికి పనే లేదు. అయితే ఆపడానికి ఒక ఉపాయం ఉంది. పాతకాలపు క్రిస్టల్ ఇయర్‌ఫోన్ వెతకనివ్వకుండా మీ సెల్‌ఫోన్ ఇయర్‌ఫోన్ ఇవ్వండి. దాని ముప్పై రెండు ఓములకి ఆ బలహీనమైన సిగ్నల్ చాలదు, కీచుమనే శబ్దం కూడా రాదు. "చూశావా, ఇది పాతబడిన టెక్నాలజీ" అని వాణ్ణి ఆర్డ్యునో దగ్గరికి లాక్కురావచ్చు. తాతగారు క్రిస్టల్ ఇయర్‌ఫోన్ ఎక్కడైనా సంపాదించారంటే మాత్రం మీ పని ఖాళీ.

స్కూల్లో సైన్స్ ఫెయిరు సంగతి క్లుప్తంగా. కేంద్రం 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబులు ఆరో తరగతి నుంచి పన్నెండు దాకానే, స్కూలుకి ఇరవై లక్షల దాకా ఇస్తారు. ఇన్‌స్పైర్ మానక్‌లో ఐడియా నచ్చితే పిల్లాడికి పదివేలు ఇస్తారు, అదీ ఆరో తరగతి నుంచే. మీవాడు మూడో క్లాసు కావడం ప్రభుత్వం మీకు చేసిన అన్యాయంగా భావించండి. ఫెయిరు రోజున వాడికి తెల్లచొక్కా, మెడలో బ్యాడ్జి, నోట్లో బట్టీ పట్టించిన ఇంగ్లీషు పేరా. మీరు చార్టు వెనక నిలబడి పెదవులు కదపండి. జడ్జి "ఈ పసుపు తీగ దేనికి బాబూ?" అంటే వాడు మీ వైపు చూస్తాడు. అదే చూపు పక్క బల్ల పిల్లాడిదీ, ఆ పక్క పిల్లదీ అయి ఉంటుంది కాబట్టి మార్కుల్లో తేడా రాదు.

ఫెయిరు అయ్యాక రోబోని షోకేసులో తాళం వేసి ఉంచండి. మన సముద్రం గాలి మిగతా పని చూసుకుంటుంది. ఉప్పు తేమకి బ్యాటరీ స్ప్రింగులు తుప్పు పడతాయి, రాగి మీద పచ్చ చిలుం లేస్తుంది, వానలు వెళ్లేసరికి కారు కదలడం మానేస్తుంది. ఎప్పుడో ఒకరోజు మీకు కిట్టు పెట్టెలో చిన్న మోటారు ఒకటి తక్కువ పడుతుంది. మంచం కింద చూడండి. ఐస్‌క్రీమ్ కప్పు బోర్లించి, మూడు స్కెచ్ పెన్నులు కాళ్లలా టేపుతో అంటించి, పైన మీ మోటారు, మోటారు ఇరుసుకి పక్కకి గుచ్చిన రబ్బరు ముక్క. ఆ రబ్బరు బరువుకి కప్పంతా వణుకుతూ గచ్చు మీద రంగురంగుల సున్నాలు చుట్టుకుంటూ పోతుంటుంది. చెల్లెలు చప్పట్లు కొడుతుంటుంది, మామ్మగారు గచ్చు తుడిచేదెవరని అరుస్తూనే ఇంకోసారి తిప్పమంటుంటారు. చుట్టాలెవరైనా చూసి "ఎవరు చేశార్రా ఇది?" అంటే వాడు "నేనే" అంటాడు. అక్కడే, అందరి ముందే, బ్యాటరీ కొన్నది మీరని చెప్పేయండి.