మడమ తిప్పలు

మాది మడమ తిప్పని వంశమని మా తాతయ్య చెప్పేవాడు. మొక్కు తీర్చుకుందామని అలిపిరి నుంచి 3,550 మెట్లూ చెప్పుల్లేకుండా ఎక్కి వచ్చాక, నా ఎడమ మడమ తిప్పుదామన్నా తిరగడం లేదు.

తెల్లారి మంచం దిగి కాలు మోపగానే పల్లేరుకాయ దిగినట్టుంటుంది. గోడా కుర్చీ పట్టుకుని వంటింటి గుమ్మం చేరేసరికి సగం తగ్గిపోతుంది. నా కొంప ముంచింది ఇదే. "కాఫీ కలపమంటే కుంటుతారు, తాగడానికి మాత్రం నిటారుగా నడిచొస్తారు" అంటుంది మా ఆవిడ.

డాక్టరు గారు రెండు కాళ్ళకూ ఎక్స్‌రే తీయించారు. ఎడమ మడమ ఎముకకి చిన్న కొక్కెంలాంటిది మొలిచి ఉంది. స్పర్ అంటారట. హమ్మయ్య, సాక్ష్యం దొరికిందని ఆ ఫిల్మును చంకన పెట్టుకోబోతుంటే, ఆయన కుడికాలిది చూపించారు. అందులో కొక్కెం ఇంకా పెద్దది! ఆ కాలికి నొప్పే లేదు.

"ఇది చాలామందికి ఉంటుందండీ, ఉన్నట్టే తెలియదు. అసలు దొంగ వేరే" అన్నారు. మడమ నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా అరికాలి కింద నారలాంటి గట్టి పట్టీ ఒకటుంది, దాని పేరు ప్లాంటార్ ఫాషియా. మడమకి అతుక్కున్నచోట అది దెబ్బతింటే ఈ నొప్పి. రాత్రంతా పాదం వాలి ఉంటే బిగుసుకుంటుంది, పొద్దున్న బరువు పడగానే లాగుతుంది, నాలుగడుగులు వేస్తే సాగుతుంది. ఈ ముక్క మా ఆవిడకి చెప్పమని బతిమాలాను. కాయితం మీదైనా రాసిమ్మన్నాను.

ఆయన రాసింది వేరు. మంచం దిగకముందే కాలివేళ్ళని చేత్తో వెనక్కి లాగిపట్టాలి, గోడకి చేతులానించి పిక్కలు సాగదీయాలి, బరువు తగ్గాలి (ఇది మా ఆవిడ రెండుసార్లు, పైకి చదివింది). ఆపరేషను దాకా వెళ్ళేది అరుదేగానీ, తగ్గడానికి నెలలు పడుతుందట.

ఐసు కట్టిన నీళ్ళ సీసా అరికాలి కింద దొర్లించమన్నారు. మా అత్తయ్యేమో ఇటుక కాల్చి, జిల్లేడాకు వేసి, దానిమీద మడమ మోపమంది. పక్కన కడుతున్న ఇంటికి వెళ్ళి అడిగితే, ఒక్క ఇటుక కోసం వచ్చినవాణ్ణి చూడటం ఇదే మొదలన్నాడు మేస్త్రి. తీరా తెచ్చాక చూస్తే, మా ఇండక్షన్ పొయ్యి మీద ఇటుక వేడెక్కదు.

చివరి మందు ఎంసీఆర్ చెప్పులు. వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ వంటివారు కుష్ఠురోగుల కోసం వాడుకలోకి తెచ్చిన మెత్తటి రబ్బరు చెప్పులవి. నొప్పి తెలియని పాదాల కోసం వచ్చినవి, నొప్పి తప్ప మరోటి తెలియని నా మడమకి దక్కాయి. గ్రానైటు నేల మీద ఉత్తకాళ్ళతో తిరగొద్దని డాక్టరు. ఇంట్లో చెప్పులేమిట్రా అని అమ్మ. చివరికి హాలు దాకా ఒప్పుకుంది, వంటింట్లోకి మాత్రం ససేమిరా అంది.

అంటే కాఫీ కలపడం ఇక నావల్ల కాదన్నమాట! పది రోజులు హాల్లో కూర్చుని దర్జాగా తాగాను.

నిన్న మా ఆవిడ ఇంకో జత కొనుక్కొచ్చింది. అచ్చంగా వంటింటికేనట. అమ్మ వాటిమీద పసుపునీళ్ళు చల్లి లోపలికి రానిచ్చింది.